యుద్ధంలో చిక్కుకున్న మనోళ్లను రప్పించాలంటే: ఊళ్లోని మాజీ సైనికులకు

దేవరకొండలోనైనా, నారాయణపేటలోనైనా కొడుకు యుద్ధంలో చిక్కుకున్నాడని తెలిస్తే ఇంటివాళ్లు ముందు ఊళ్లోని మిలిట్రీ ఆయన దగ్గరికే వస్తారు. ఫోన్లు కొట్టేముందు ఒక కాగితం తీయండి.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో. పిలుపు పేరుతో తరలించేవాళ్ల జాబితాకెక్కితే విమానం దగ్గర పాస్‌పోర్టుతో కలవదు. దాని కింద పాస్‌పోర్టు నంబరు, అక్కడి ఫోన్ నంబరు, ఉన్న చోటి మ్యాప్ లొకేషన్, వాడే మందులు. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, అక్కడి నివాస కార్డు ఫొటోలు జతచేయండి. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న యజమాని దగ్గరే ఉండిపోతే ఈ ఫొటోలే ఆధారం. ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో తిరిగి రావచ్చు.

ఇంటి తరఫున ఒక్కరి నంబరే ఇవ్వండి. తండ్రి ఒకచోట, మేనమామ ఒకచోట రాయిస్తే ఒకే మనిషి జాబితాలో రెండుసార్లు ఎక్కుతాడు. వివరాలు అక్కడి భారత ఎంబసీకి, విదేశాంగ శాఖ కంట్రోల్ రూమ్‌కు, ఢిల్లీలోని తెలంగాణ భవన్‌కు పంపండి. విదేశాల్లో ఇబ్బందిపడే మనవాళ్ల ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖ వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చేసి, వచ్చిన నంబరు రాసిపెట్టుకోండి.

సర్వీసు చేసినవాళ్లకు మ్యాప్ చూడగానే రూటు చెప్పాలనిపిస్తుంది. చెప్పొద్దు. కర్ఫ్యూ, కూలిన వంతెన ఇక్కడికి కనిపించవు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ గగనతలం మూతపడితే అక్కడ చదువుకునే మన పిల్లలు పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు దాటాకే విమానమెక్కారు. 2023లో సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో ఉన్నవాళ్లను బస్సుల్లో రేవు పట్టణం పోర్ట్ సూడాన్‌కు, అక్కడి నుంచి సౌదీలోని జెడ్డాకు చేర్చారు. దారి ఎంబసీ చెప్పాలి. చెప్పాక మాత్రం గంట కూడా ఆగొద్దు: 2022 మార్చి 2న ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లోని మనవాళ్లను సాయంత్రం 6 లోపు నడిచైనా బయటపడమన్నారు.

అక్కడున్నవాళ్లకు చెప్పండి: ఒక్కటే బ్యాగు, అదీ వీపున మోసేది. నీళ్లు, పవర్ బ్యాంకు, కొంత నగదు. ఇంటికి రోజుకు రెండుసార్లు, చెప్పిన వేళకే ఫోన్. మధ్యలో చుట్టాలంతా చేస్తే చార్జింగ్ అయిపోతుంది, ఎంబసీ నుంచి పిలుపొస్తే అందదు.

సీటు ఇప్పిస్తామని పైసలడిగేవాళ్లు తయారవుతారు. ఉక్రెయిన్ నుంచి మనవాళ్లను తెచ్చిన ఆపరేషన్ గంగా, సూడాన్ నుంచి తెచ్చిన ఆపరేషన్ కావేరీ విమానాలకు ప్రభుత్వం టికెట్ డబ్బులు తీసుకోలేదు.

ఆఫ్రికా నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉందో లేదో ముందే అడగండి. సూడాన్ నుంచి వచ్చి, కార్డు లేనివాళ్లను బెంగళూరులో క్వారంటైన్‌కు పంపారు.