నలుగురిలో మాట – 4: చీటీ తీశాక రెండు నిమిషాలు

పోయిన పాఠంలో మిమ్మల్ని మీరు పరిచయం చేసుకునే ఆరు నిమిషాల ప్రసంగం రాసుకుని, ఇంట్లో ఒక్కరి ముందైనా చెప్పమన్నాను. చెప్పినవాళ్లకు ఈ పాఠం కాస్త తేలిక. చెప్పనివాళ్లు కూడా కూర్చోవచ్చు, ఎందుకంటే ఈసారి రాసుకునే వీలే లేదు.

టోస్ట్‌మాస్టర్స్ అంటే నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకునే క్లబ్బుల సంస్థ. ఆ పద్ధతిలో నడిచే క్లబ్బుల్లో టేబుల్ టాపిక్స్ అని, అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పే భాగం ఒకటి ఉంటుంది. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో, వైఎంసీఏలో, రాల్ఫ్ స్మెడ్లీ ఆ సంస్థను మొదలుపెట్టారు. టేబుల్ టాపిక్స్‌లో ముందు ప్రశ్న చదువుతారు, ఆ తర్వాతే పేరు పిలుస్తారు. అందుకే ఆ కాసేపూ హాల్లో అందరూ నేల చూపులు చూస్తుంటారు. మాట్లాడాల్సింది ఒకటి నుంచి రెండు నిమిషాలు. నిమిషానికి ఆకుపచ్చ కార్డు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. పోటీల్లో అయితే ఎరుపు చూపించాక ఇంకో 30 సెకన్లు ఓర్చుకుంటారు, ఆ పైన లెక్కలోంచి తీసేస్తారు. నిమిషం నిండకపోయినా అంతే.

మొన్న శనివారం నల్లకుంటలో మా క్లబ్ మీటింగ్. మాది మేడమీద చిన్న హాలు, రెండు ఫ్యాన్లు, కింద మిర్చి బజ్జీల బండి. ఇంగ్లీషు, తెలుగు రెండూ నడుస్తాయి. ప్రశ్న: ‘మీ ఇంట్లో ఎవరూ పారేయనివ్వని వస్తువు ఏది?’ చీటీలో వనస్థలిపురం నుంచి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి పేరు వచ్చింది. ఆయన ఇలా అందుకున్నారు:

“అంటే… మా ఇంట్లో ఒక గ్రైండర్ ఉందండి, అదేంటంటే మేము విద్యానగర్‌లో ఉన్నప్పుడు మా అమ్మ కొని, ఇల్లు మారినప్పుడు దాన్ని ఆటోలో వేసుకొచ్చి, తర్వాత మోటారు కాలిపోయిందని చెప్పి, నేను అమ్మేద్దామని చెప్పి అనుకుని, మా ఆవిడేమో అత్తయ్యను అడగాలని చెప్పి…”

టైమర్ అమ్మాయి ఆకుపచ్చ కార్డు ఎత్తింది. ఆయన వాక్యం ఇంకా తెగలేదు.

చూసినవాళ్లు టెన్షన్ అనుకున్నారు. టెన్షన్ కొంత ఉంటే ఉండొచ్చు, నాకు మాత్రం అది వ్యాకరణం చేసిన పని అనిపించింది. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. పైగా కొని, వేసుకొచ్చి, అనుకుని అంటూ అసమాపక క్రియలను, అంటే వాక్యాన్ని ముగించని క్రియలను, పూలదండలా ఎన్నయినా గుచ్చుకుంటూ పోవచ్చు. కాగితం మీద అది సొగసు. నిలబడి మాట్లాడేటప్పుడు ఆ దండకు ముడి ఎక్కడ వేయాలో తెలియక చేతులు వణుకుతాయి. అప్పుడు ‘అని చెప్పి’ వచ్చి ఆదుకుంటుంది.

క్లబ్బులో ఆ-కౌంటర్ అని ఒకరు ఉంటారు, ‘ఆ’లు, ‘ఉమ్’లు లెక్కపెట్టడం వారి పని. తెలుగు ప్రసంగాలకు ‘అని చెప్పి’, ‘ఏంటంటే’ కూడా లెక్కపెట్టాలని పోరుపెట్టింది నేనే. మొదటిరోజు అందరికంటే ఎక్కువ వచ్చింది నాకే, పదకొండు.

మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర ఆయన చేత మళ్లీ చెప్పించాను. ఒక్కటే షరతు పెట్టాను: నాలుగైదు మాటలకు ఒక క్రియ పడాలి, క్రియ పడగానే ఆగాలి. ఆయన నవ్వి, ఇది ఒకటో తరగతి వాచకంలా ఉంటుందేమో సార్ అన్నారు. ఉండనివ్వండి అన్నాను.

“మా ఇంట్లో ఒక గ్రైండర్ ఉంది. అది తిరగదు. మోటారు కాలి ఆరేళ్లయింది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పటికీ దాన్ని రోజూ తుడుస్తుంది. రాయి బాగానే ఉంది కదరా, అంటుంది.”

పక్కన చెప్పులు వేసుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. ఆ రాయి మాట లోపల చెప్పనే లేదు, మొదటి వాక్యమే ఆయన్ని అక్కడిదాకా పోనివ్వలేదు.

ఇక రెండో సంగతి. ప్రశ్న పెద్దదైతే దాన్ని మీ చేతికి అందేంత చిన్నది చేసుకోండి. ఆ సాయంత్రమే ఒక బీటెక్ కుర్రాడికి ‘హైదరాబాద్ మెట్రో’ వచ్చింది. 2017 నవంబరులో మొదలైందన్నాడు, మూడు లైన్లన్నాడు, అమీర్‌పేటలో రెండు లైన్లు కలుస్తాయన్నాడు. అంతా నిజమే. నలభై సెకన్లకు సరుకు అయిపోయింది, థాంక్యూ చెప్పి కూర్చున్నాడు. రోజూ అమీర్‌పేటలో ఎరుపు లైను దిగి నీలం లైను ఎక్కే కుర్రాడు వాడు. ఆ మెట్ల మీద ఉదయం తొమ్మిదింటికి ఏం జరుగుతుందో చెప్పినా రెండు నిమిషాలు చాలేవి కావు.

లేచాక వెంటనే మొదలుపెట్టకండి. నేను మొదటిసారి కుర్చీ దగ్గర్నుంచే మాట్లాడుతూ నడిచి, మైకు వైరు కాలికి చుట్టుకుని, సగం జవాబు వంగి వైరు విప్పుకుంటూ చెప్పాను. అష్టావధానం చూసినవాళ్లు గమనించే ఉంటారు, సమస్య ఇవ్వగానే అవధాని దాన్ని ఒకసారి తన నోటితో తిరిగి చదువుతారు. మీరూ అలాగే ప్రశ్నను నిదానంగా తిరిగి చెప్పండి. సభకు మళ్లీ వినిపిస్తుంది, మీకు ఊపిరి అందుతుంది. ఆ వ్యవధిలో మొదటి వాక్యం కోసం వెతక్కండి. ఎక్కడ ఆపాలో చూసుకోండి. గ్రైండర్ కథలో అయితే ఆ రాయి మాట.

ఇంటిపని. ఇంట్లోవాళ్ల చేత ఏడు ప్రశ్నలు రాయించి చీటీలు ఒక స్టీలు డబ్బాలో వేయించండి. మీరు రాయకూడదు. రోజుకొకటి తీసి, లేచి నిలబడి జవాబు చెప్పి, ఫోన్‌లో రికార్డు చేయండి. మూడో రోజు రికార్డింగును ఉన్నదున్నట్టు కాగితం మీద దించి, వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఉన్నచోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. రెండు గీతల మధ్య మూడు పంక్తులుంటే ఆ చోటే మీ జబ్బు.

తీరిక దొరికితే ఒక సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వైపు వెళ్లండి. ఏ సభ జరుగుతున్నా వెనక వరసలో కూర్చోండి. స్వాగతోపన్యాసం చేసేవారి మొదటి వాక్యం ఎక్కడ ముగుస్తుందో వాచీ పెట్టుకుని చూడండి. పేర్లన్నీ అయ్యేదాకా క్రియ రాదు. నవ్వకండి, రేపు ఆ మైకు మీకే ఇవ్వొచ్చు.

పెన్సిల్ గీతలు పెట్టిన కాగితాన్ని పారేయకండి. వచ్చే పాఠం ఇంకొకరి ప్రసంగాన్ని మూడు నిమిషాల్లో విమర్శించడం గురించి. ముందు ఆ కాగితం మీదే మొదలుపెడదాం.