వరంగల్ ‘మహానగర’ జనాభా ఎంత? లెక్క సరిగ్గా తేల్చడం ఎలా

వరంగల్ జనాభా ఎంతని అడిగితే ఒకరు ఆరు లక్షలంటారు, ఇంకొకరు ఎనిమిదంటారు. ఫ్లెక్సీలు కొట్టించేవాళ్లు ఎప్పుడో పది దాటించేశారు. ఎవరి హద్దు వాళ్లు గీసుకుంటే ఇట్లనే ఉంటది. అసలు హద్దు ఎట్లా గీయాలో ప్రభుత్వమే రాసిపెట్టింది. అది చదివి చేస్తే ఒక్క సాయంత్రం పని.

కావలసినవి: 2011 జనగణన ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (ఊరు, వార్డు వారీ జనాభా లెక్కల) ఎక్సెల్ ఫైలు, పట్టణాల జాబితా ఉండే ఏ-4 పట్టిక, రెవెన్యూ గ్రామాల హద్దులున్న మ్యాపు, రెండు రంగుల పెన్సిళ్లు. మొదటి రెండూ జనగణన శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మ్యాపు మాత్రం కాగితం మీదే ఉండాలి. ఫోన్‌లో చూసి చేసిన లెక్కను నేను చూడను కూడా చూడను.

1. ముందు ఏ హద్దు కావాలో తేల్చుకోండి

‘మెట్రోపాలిటన్ ఏరియా’ అనే మాటకు రాజ్యాంగంలో 243పి అధికరణలో అర్థం రాసి ఉంది. పది లక్షలు, అంతకుమించి జనాభా ఉండాలి. రెండు లేదా అంతకంటే ఎక్కువ మున్సిపాలిటీలు, పంచాయతీలు, ఆనుకొని ఉన్న ప్రాంతాలు అందులో ఉండాలి. ఆ పైన గవర్నర్ నోటిఫై చేయాలి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో పది లక్షలు దాటినవి హైదరాబాద్, విశాఖ, విజయవాడ మాత్రమే. వరంగల్ లేదు. ఫ్లెక్సీలో ఎంత పెద్ద అక్షరాలతో రాసినా లేదు.

‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి వేరే సంగతి. దాదాపు 1,805 చదరపు కిలోమీటర్లు, మూడు జిల్లాల్లో పరుచుకొని ఉంది. అది ప్లానింగ్ కోసం గీసిన గీత. లేఅవుట్‌కు అనుమతి ఎవరిస్తారో చెబుతుంది తప్ప ఎక్కడిదాకా నగరమో చెప్పదు. పత్తి చేన్ల నడుమ ఉన్న ఊళ్లు కూడా అందులోనే ఉన్నాయి. జనాభా లెక్కకు దాన్ని వాడకండి.

మనకు కావలసింది జనగణన వాళ్ల ‘అర్బన్ అగ్లోమరేషన్’ (యూఏ). అంటే ఒక పట్టణం, దాన్ని ఆనుకొని ఉన్న ఔట్‌గ్రోత్‌లు (హద్దు బయట పట్టణంలాగే పెరిగిన ప్రాంతాలు). లేదా ఒకదాన్నొకటి తాకుతున్న పట్టణాలు. కనీసం ఒకటి చట్టబద్ధమైన పట్టణమై (మున్సిపాలిటీ, కార్పొరేషన్ లాంటిది) ఉండాలి. అన్నీ కలిపి 2001 లెక్కల్లో 20,000కు తగ్గకూడదు.

2. పట్టణాలకు రంగు వేయండి

మున్సిపాలిటీ, కార్పొరేషన్ ఉన్నవాటికి ఒక రంగు. సెన్సస్ టౌన్లకు ఇంకో రంగు. సెన్సస్ టౌన్ కావాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, మగ ప్రధాన పనివారిలో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఈ మూడూ కావాలి. అక్కడ పంచాయతీయే ఉండొచ్చు, సర్పంచే ఉండొచ్చు. జనాభా లెక్కల్లో మాత్రం అది పట్టణమే. రంగు వేసే పని ఇంతే, దీనికి తల పట్టుకోవద్దు.

3. కలపండి, కానీ ఒక్కసారే

అందరూ బోల్తా కొట్టేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఏ-4 పట్టికలో వరంగల్ యూఏ అని ఒక వరుస, దాని కింద కార్పొరేషన్, మిగతా భాగాలు విడివిడిగా ఉంటాయి. పై వరుసలో ఉన్నది కింది వాటి మొత్తమే. మొత్తం కాలమ్‌ను కిందిదాకా లాగి సమ్ కొట్టారంటే ఇంట్లో అందరినీ లెక్కపెట్టి, దానికి మళ్లీ రేషన్ కార్డు మీది సంఖ్య కలిపినట్టే. అబ్‌స్ట్రాక్ట్ ఫైలులో ప్రమాదం ఇంకా ఎక్కువ. జిల్లా, మండలం, ఊరు, వార్డు అన్నీ ఒకే షీటులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ముందు ‘లెవెల్’ కాలమ్‌లో ఫిల్టర్ పెట్టండి. ‘టీఆర్‌యూ’ కాలమ్‌లో మొత్తం, గ్రామీణ, పట్టణ అని మూడు రకాల వరుసలుంటాయి, అందులో ఒక్కటే ఉంచండి. ఫిల్టర్ పెట్టకుండా ప్లస్ గుర్తు నొక్కనే నొక్కకండి.

రెండోది, ఔట్‌గ్రోత్. ఊరు మొత్తం ఔట్‌గ్రోత్ కానక్కర్లేదు. రైల్వే కాలనీ, యూనివర్సిటీ క్యాంపస్ లాంటి ముక్క ఒక్కటే నగరాన్ని ఆనుకొని పెరిగి ఉంటుంది. జాబితాలో పేరు పక్కన ‘పార్ట్’ అని ఉంటే ఆ ముక్క పట్టణంలో, మిగతా ఊరు గ్రామీణంలో లెక్కకొస్తాయి. పేరు చూసి ఊరంతా కలిపేశారంటే నాట్లు వేసే వాళ్లను కూడా నగరవాసుల్లో కలిపినట్టే.

మూడోది మన వరంగల్‌కే ప్రత్యేకం. 2011 లెక్క జరిగినప్పుడు కార్పొరేషన్ హద్దు చిన్నది. మామునూరు, గొర్రెకుంట, కడిపికొండ అప్పుడు బయటే ఉన్నాయి. తర్వాత 42 గ్రామాలు కలిసి, 2015లో గ్రేటర్ అయ్యి, విస్తీర్ణం దాదాపు 407 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. ఇప్పుడు చాలామంది చేసేదేమిటంటే, ఏడున్నర లక్షల పైచిలుకు ఉన్న పాత యూఏ సంఖ్య తీసుకొని దానికి ‘విలీన గ్రామాలు’ అని మొత్తం జాబితా కలిపేస్తారు. అందులో కొన్ని ఊళ్లు సెన్సస్ టౌన్లుగా యూఏలో అప్పటికే లెక్కకొచ్చాయి. ఒక్కో పేరూ రెండు జాబితాల్లో పెట్టి చూసుకోండి, రెండు చోట్లా కనిపిస్తే ఒకచోట కొట్టేయండి. పెరుగుదల శాతం కట్టాలన్నా ఇదే సూత్రం: పాత సంవత్సరాన్ని కూడా కొత్త హద్దులతోనే లెక్కగట్టాలి. లేకపోతే కాగితం మీద జనం ఒక్క జీవోతో పెరిగిపోతారు.

అమెరికా పద్ధతి మేలు కదా అని ఒకాయన ఎప్పుడూ వాదిస్తుంటాడు. అక్కడ 50,000 జనాభా ఉన్న పట్టణ కేంద్రం చుట్టూ మొత్తం కౌంటీలనే (మన జిల్లాల్లాంటివి) కలుపుతారు. శివారు కౌంటీ నుంచి పనిచేసే వాళ్లలో 25 శాతం మంది రోజూ కేంద్రానికి పనికి పోతుంటే చాలు. వినడానికి బాగుంటుంది. కానీ మన 2011 జనగణనలో పనికి ఎంత దూరం, దేనిమీద పోతారని అడిగారు గానీ ఏ ఊరికని అడగలేదు. కాజీపేటలో పొద్దున సికింద్రాబాద్ రైలెక్కే జనం ఎక్కడ దిగుతారో ఆ లెక్కలో లేదు. లేని డేటాతో ఆ పద్ధతి నడవదు. పైగా కౌంటీ మొత్తం కలిపితే పొలాలు, అడవులు కూడా ‘మెట్రో’ అవుతాయి. హద్దులు తాకుతున్నాయా లేదా అని చూసే మన పద్ధతే నయం.

4. సంఖ్యను రాయడం

ఒట్టి సంఖ్య రాయకూడదు. ‘వరంగల్ యూఏ, 2011 జనగణన, 2011 నాటి హద్దులు’ అని పక్కనే ఉండాలి. లక్షల్లోనే రాయాలి, మిలియన్లు మనకొద్దు. తాజా సంఖ్య కావాలనేవాళ్లు ఆగాల్సిందే: తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అది వచ్చాక హద్దుల జాబితాను మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోండి, పాత షీటులోనే కొత్త అంకెలు కొట్టకండి.