మిస్సోరీ పొలంలో జింకల, టర్కీల వేటకాలానికి ముందు జాగ్రత్తలు

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో 40, 50 ఎకరాల పొలం కొని, తెల్లతోక జింకలూ అడవి టర్కీ కోళ్లూ వచ్చి నిలిచేలా దాన్ని తీర్చిదిద్ది, ఏప్రిల్‌లో టర్కీలను, నవంబరులో జింకలను వేటాడాలనుకునే తెలుగువారు మొదట తెలుసుకోవలసింది మేతకూ ఎరకూ చట్టం చూపే తేడా. విత్తి పెంచిన క్లోవర్ అనే పశుగ్రాసం మడి దగ్గర, కోతలో రాలిన మొక్కజొన్న ఉన్న చేలో వేటాడవచ్చు. అదే మొక్కజొన్నను బస్తాతో తెచ్చి కుమ్మరిస్తే అది ఎర, దాని మీద వేటాడడం నేరం. గింజలన్నీ ఎత్తివేసిన తర్వాత కూడా 10 రోజుల వరకు ఆ చోటు ఎర వేసిన చోటుగానే లెక్క. అందుచేత పొలాన్ని కౌలుకిచ్చినవారు, కౌలుదారు పశువులకో పక్షులకో ఎక్కడైనా గింజలు పోశాడేమో వేటకాలానికి ముందే అడిగి తెలుసుకోవాలి. టెక్సాస్‌లో సొంత నేల మీద జింకలకు ఎర వేయనిస్తారు కనుక అక్కడి మిత్రుల సలహా ఇక్కడ పనికిరాదు.

చట్టం మాట అటుంచినా గింజల కుప్ప మంచిది కాదు. జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ మిస్సోరీ అడవి జింకల్లో 2012లో బయటపడింది. ఈ వ్యాధికి కారణమైన ప్రయాన్ అనే ప్రోటీన్ లాలాజలంలోనూ మలమూత్రాల్లోనూ బయటికి వచ్చి నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, వంటతో నశించదు. పది జింకలు ఒకే కుప్పలో మూతి పెడితే వ్యాధికి దారి వేసినట్టే. వ్యాధి ఉన్న ప్రాంతాల్లో వేటాడిన జింకకు పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే మాంసం వండుకోవాలి. బూజు పట్టిన మొక్కజొన్నలో, మన వేరుశనగలో భయపడే అఫ్లాటాక్సిన్ విషమే ఉంటుంది, అది టర్కీలకు మరీ ప్రమాదకరం.

మేత మడికి భూసార పరీక్ష చేయించి, ఆమ్ల నేలైతే సున్నం చల్లి, ఆ తర్వాతే క్లోవర్ వేయాలి. మందు పట్టించిన రంగు విత్తనాలు పైన చిందితే టర్కీలు ఏరుకు తింటాయి కనుక వాటిని తప్పకుండా మట్టితో కప్పాలి. ఎక్కువమంది చేసే తప్పు మాత్రం గడ్డి కోతలో ఉంది. ఆడ టర్కీ నేల మీదే, ఎత్తయిన గడ్డిలో గుడ్లు పెట్టి సుమారు 28 రోజులు పొదుగుతుంది, ట్రాక్టరు దగ్గరికి వచ్చేదాకా కదలదు. మే, జూన్ నెలల్లో బీడును కోసేస్తే వచ్చే ఏటి పక్షులను మనమే పోగొట్టుకున్నట్టు. కోతను జూలై నడుమకు వాయిదా వేయగలిగితే మేలు. తప్పనప్పుడు మధ్య నుంచి అంచులకు కోసుకుంటూ వస్తే పిల్లలకు పారిపోయే దారి దొరుకుతుంది.

ఇక తుపాకీ. హెచ్-1బీ వంటి వలసేతర వీసాలవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు ముగిశాక ఆ తుపాకీ ఇంట్లో ఉండడం కూడా చిక్కే కనుక కొనేముందే న్యాయవాదిని అడగాలి. ఇండియా నుంచి ఇలాంటి తాత్కాలిక వీసా మీదే చూడవచ్చిన తల్లిదండ్రుల చేతికి ఫోటో కోసమైనా తుపాకీ ఇవ్వకూడదు. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు తుపాకీతో వేటాడాలంటే సాధారణంగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి ఉండాలి.

మంచె మనకు కొత్త కాకపోయినా, వేటకు ఎక్కి కూర్చునేందుకు చెట్టుకు పట్టీలతో బిగించే ఇనుప మంచె వేరు. ఎండకు వానకు చివికిన పట్టీలను ఏటా మార్చాలి, నేల విడిచినప్పటి నుంచి తిరిగి దిగేదాకా ఒంటికి హార్నెస్ (కింద పడకుండా చెట్టుకు కట్టి ఉంచే పట్టీలు) ఉండాలి, తూటాలు తీసిన తుపాకీని తాడుతోనే పైకి లాగాలి. తుపాకీ జింకల కాలంలో నారింజరంగు టోపీ, చొక్కా తప్పనిసరి. టర్కీల కాలంలో మాత్రం ఎరుపు, తెలుపు, నీలం రంగులు చేతిరుమాలుగా కూడా ఉండకూడదు. మగ టర్కీ తల ఆ రంగుల్లోనే ఉంటుంది కనుక పొదల చాటున ఉన్న మరొకరు పక్షే అనుకుని కాల్చే ప్రమాదం ఉంది. వేటాడిన పక్షిని మోసుకొచ్చేటప్పుడు కూడా నారింజరంగు గుడ్డలో చుట్టే తేవాలి.