జారుడుబల్ల ఎక్కించే ముందు ఏం చూడాలి?

పార్కు గేటు దాటగానే పిల్లలు పరుగెత్తుతారు. ఒక్క నిమిషం ఆపి ముందుగా మెడ చూడండి. చున్నీ, హుడీ తాడు, తాయెత్తు దారం, పొడుగు గొలుసు తీసేయాలి. జారే వేగంలో వీటిలో ఏది బోల్టు కొసకు తగులుకున్నా బరువంతా మెడ మీద పడుతుంది, కేక కూడా బయటికి రాదు. సైకిల్ హెల్మెట్ కూడా తీయించండి. ఒళ్లు దూరిన సందులో హెల్మెట్ ఇరుక్కుంటే దాని పట్టీ గొంతుకు బిగుసుకుంటుంది.

కమ్మీల మధ్య, మెట్ల మధ్య ఖాళీని టేపుతో కొలవండి. 3.5 అంగుళాల లోపు ఉండాలి, లేదా 9 అంగుళాలు దాటాలి. ఆ మధ్య కొలతలో కాళ్లూ నడుమూ జారిపోతాయి, తల ఆగిపోతుంది. ఎవరైనా అలా ఇరుక్కుంటే లాగకండి. ఒంటిని కింది నుంచి ఎత్తి పట్టుకుని, వెళ్లిన దారినే వెనక్కి తీయండి.

ఏడాది, రెండేళ్ల పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం చాలామందికి అలవాటు. దయచేసి మానేయండి. బూటు అడుగు బల్ల అంచుకు పట్టేసినా పెద్దవాళ్ల బరువు కిందికి జారుతూనే ఉంటుంది, ఆ మెలికకు మోకాలి కింది ఎముక విరుగుతుంది. బిడ్డ ఒక్కతే జారితే కాలు ఆగినచోట తనూ ఆగిపోతుంది. చిన్న బల్ల మీద ఒంటరిగా జారనిచ్చి, పక్కన నడుస్తూ చెయ్యి అందించండి.

మన ఎండలకు రేకు బల్లే కాదు, ప్లాస్టిక్కూ, కింద పరిచిన నల్ల రబ్బరు పలకలూ కాలతాయి. అరచేతి వెనక భాగాన్ని 5 సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేనిది పిల్లల తొడలకు అసలే వద్దు. కాలితే ఐసు, పేస్టు పెట్టకుండా కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి.

పెద్ద దెబ్బలు ఎక్కువగా పడిపోవడం వల్లే తగులుతాయి. అయినా ఎవరూ నేల చూడరు! సిమెంటు, గట్టి మట్టి, పల్చటి గడ్డి తలను కాపాడలేవు. ఇసుక 9 అంగుళాల మందాన ఉంటే సుమారు 4 అడుగుల ఎత్తు వరకు పనికొస్తుంది. పుల్ల గుచ్చి లోతు చూడండి. ముఖ్యంగా ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర చూడాలి, కాళ్లు రాసుకుని ఇసుక అక్కడే తరిగిపోతుంది. వాన పడితే గట్టిపడుతుంది కాబట్టి పారతో తిరగెయ్యాలి. ఆట వస్తువు చుట్టూ 6 అడుగుల మేర రాయి, కాంక్రీటు అంచు ఉండకూడదు.

ఉయ్యాల కొక్కెం సందులో రూపాయి బిళ్ల అంచు దూరితే అది విచ్చుకున్నట్టే, ఎక్కించకండి.

వానాకాలంలో పార్కు దీపస్తంభాలనూ, తెరిచి ఉన్న స్విచ్ పెట్టెలనూ తాకనివ్వకండి. అపార్టుమెంట్లలో పక్కకు జరిపే బరువైన గేటు ఇంకో ముప్పు. చివర ఆపే అడ్డు ఊడిపోతే గేటు పట్టాలు దాటి మీద పడుతుంది. ఆ అడ్డు బిగించేదాకా గేటును తెరిచి మూసే పని కాపలాదారుకే వదిలి, పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి.