నిద్రను చూసి చదవడం, 4వ పాఠం: రెప్పల కింద కదలిక, పుర్రె లోపల నెత్తురు

గత పాఠంలో గాఢనిద్ర చూశాం. శ్వాస ఒకే లయలో నడుస్తుంది, పిలిచినా పలకరు. ఈ పాఠంలోది దానికి పూర్తిగా ఎదురు: రెమ్ నిద్ర, అంటే కనుగుడ్లు చురుకుగా కదిలే నిద్ర దశ. ఒళ్లు కట్టెలా పడి ఉంటుంది, మెదడు మాత్రం మెలకువలో ఉన్నంతగా పనిచేస్తుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని కనుగుడ్ల కదలికల వల్లే పట్టుకున్నారు. మనమూ అక్కడే మొదలుపెడదాం.

కావలసినవి సెకన్ల ముల్లున్న గడియారం, నోటుబుక్కు, మసక వెలుతురు. జీరో బల్బు చాలు, అదీ తల వెనకవైపు ఉండాలి. సెల్‌ఫోన్ టార్చి ముఖం మీద వేశారా, పాఠం అక్కడితో సరి! మంచానికి రెండడుగుల దూరంలో, పక్కవాటుగా కూర్చోండి. ప్రతి 30 సెకన్లకు ఒక గీత: రెప్పల కింద ఉబ్బు అటూ ఇటూ ఉరికిందా, శ్వాస లయ తప్పిందా, వేలో పెదవో చిన్నగా అదిరిందా. నిద్ర ప్రయోగశాలల్లోనూ రాత్రంతటినీ 30 సెకన్ల ముక్కలుగానే కోస్తారు. మూడింటిలో రెండు గుర్తులు వరసగా నాలుగైదు గీతల్లో కనబడితే రెమ్ అని రాసుకోండి.

తొందరపడి మొదటి గంటలో కూర్చుంటే కాళ్ల నొప్పులే మిగులుతాయి. నిద్ర పట్టాక దాదాపు 90 నిమిషాలకు మొదటి రెమ్ వస్తుంది, కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ తర్వాత ప్రతి విడతా పొడుగవుతూ, తెల్లవారుజాము విడత అరగంట దాకా సాగవచ్చు. అందుకే రాత్రి 10కి పడుకున్నవాళ్లను 4 గంటలప్పుడు చూడండి. లెక్క పక్క ఎక్కినప్పటినుంచి కాదు, నిద్ర పట్టినప్పటినుంచి.

మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా, చంద్రపూర్ బొగ్గు గనుల వైపు ఇళ్లలో ఈ లెక్క తలకిందులవుతుంది. మరాఠీవాళ్లు రాత్రపాళి అనే నైట్ షిఫ్టు దిగి పొద్దున 8కి పడుకునే మనిషికి మొదటి రెమ్ తొందరగానే రావచ్చు. శరీరం లోపలి గడియారం ప్రకారం తెల్లవారుజాము, పొద్దుటి వేళలే రెమ్‌కు అనువైనవి. ఆ నిద్ర సాగనివ్వనిది మధ్యాహ్నపు ఎండ. రెమ్‌లో చెమట పట్టించి ఒంటిని చల్లబరచుకునే ఏర్పాటు బాగా మందగిస్తుంది. గది వేడెక్కితే శరీరం రెమ్‌ను కుదించి పైకి తేలుతుంది. చంద్రపూర్ మే నెలలో, 45 డిగ్రీలప్పుడు, రేకుల కింద పగటి నిద్రను చూసి ‘ఈయనకు రెమ్ తక్కువ’ అని రాయకండి. కూలర్లో నీళ్లు పోసి, కిటికీకి తడి గోనె కట్టి మళ్లీ చూడండి. కూలర్ గాలి మాత్రం ముఖానికి తగలకూడదు, రెప్పలు అదిరి మిమ్మల్ని మోసం చేస్తాయి.

ఇక లోపలి సంగతి. పెద్దవాళ్ల మెదడు 1,400 గ్రాములనుకుంటే, 100 గ్రాములకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల చొప్పున 700 మిల్లీలీటర్ల నెత్తురు పారుతుంది. గాఢనిద్రలో ఇది తగ్గుతుంది. రెమ్‌లో మళ్లీ మెలకువ స్థాయికి, కొన్ని చోట్ల అంతకు పైకి లేస్తుంది. అసలు చూడాల్సింది మొత్తం కాదు, పంపకం. వరి మళ్లలో మడవ తిప్పినట్టు ఒక మడికి నీరు ఆపి ఇంకో మడికి వదలడమే ఇక్కడా జరుగుతుంది. 1996లో బెల్జియంలోని లియేజ్‌లో పియేర్ మాకే అనే పరిశోధకుడి బృందం రేడియోధార్మిక ఆక్సిజన్-15 గుర్తు కలిపిన నీటిని రక్తంలోకి ఎక్కించి, ఆ గుర్తు ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్లో ఈ పంపకాన్ని చూసింది. ఆ గుర్తు రెండు నిమిషాల్లో సగమైపోతుంది, కాబట్టి రెమ్ నిలకడగా నడుస్తున్నప్పుడే ఎక్కించాలి. మెదడు కాండంలోని పాన్స్, ఇంద్రియాల సంకేతాలను పంచే థాలమస్, భయాన్నీ ఉద్వేగాన్నీ నడిపే అమిగ్డాలా, ఇవి తడిసిన మళ్లు. ఎండినది నుదుటి వెనక పై పక్క భాగం, అంటే తర్కించి ‘ఇదెలా కుదురుతుంది’ అని అడిగే చోటు. చనిపోయిన తాత బల్లార్షా ప్లాట్‌ఫారం మీద బీడీ అడిగినా కలలో మనకు వింత అనిపించకపోవడం ఈ పంపకంతో సరిపోతుంది.

2021లో జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయం పరిశోధకులు చిట్టెలుకల మెదడు కేశనాళికల్లో ఎర్రకణాల రాకపోకలను నేరుగా చూశారు. రెమ్‌లో అవి దాదాపు రెట్టింపయ్యాయి. నిద్రమత్తు తెచ్చే అడెనోసిన్ అనే రసాయనాన్ని అందుకునే ఏ2ఏ గ్రాహకాలు లేని ఎలుకల్లో ఆ పెరుగుదల తక్కువ. టీలోని కెఫీన్ అడ్డుకునేది అడెనోసిన్ గ్రాహకాలనే. అంతమాత్రాన రాత్రి టీ తాగితే మనిషికి రెమ్‌లో నెత్తురు తగ్గుతుందని తేల్చేయకండి, ఎలుకకూ మనిషికీ మధ్య చాలా దూరం ఉంది.

ఈ పంపకం బయటికి కనబడదు. చేతి గడియారం ‘రెమ్ 1 గంట 40 నిమిషాలు’ అని చూపేది నాడిని, కదలికను బట్టి వేసిన అంచనా.

ఎక్కువమంది తప్పేది ఒకచోటే. నిద్ర పట్టే తొలి నిమిషాల్లో గుడ్లు తొట్టెలా మెల్లగా ఊగుతాయి. అది రెమ్ కాదు. రెమ్ కదలిక చురుకుగా, గుంపులుగా, మధ్యమధ్య ఆగుతూ ఉంటుంది. రెండో తప్పు, చేతులు ఆడిస్తే రెమ్ అనుకోవడం. రెమ్‌లో ఒంటి కండరాలకు సంకేతాలు తెగిపోతాయి, మిగిలేది వేళ్ల అదురే. నిద్రలో కలకు తగ్గట్టు కేకలు వేస్తూ, గుద్దుతూ, తన్నుతూ ఉంటే ఆ కట్టు విడిపోయి ఉండవచ్చు, నరాల డాక్టరుకు చూపించాలి. గురక మధ్య శ్వాస 10 సెకన్లకు మించి పదేపదే ఆగి, ఉలిక్కిపడి ఊపిరి లాగుతుంటే కూడా డాక్టరుకు చూపించాలి. ఇది రెమ్‌లో తరచూ ముదురుతుంది.

వచ్చే పాఠానికి మూడు రాత్రుల గీతలు తెండి. మనిషికి సెలవున్న ఒక్క రోజు మాత్రం, తెల్లవారుజాము రెమ్ మధ్యలో మెల్లగా పేరు పెట్టి పిలవండి. ‘కల వచ్చిందా’ అంటే ‘లేదు’ అనేస్తారు. ‘ఇప్పుడు మనసులో ఏం నడుస్తోంది’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.