401కె ప్లాన్ పేపర్ల మీద మీ సంతకం ఉందా? అయితే ఇవి చూసుకోండి

అమెరికాలో మనవాళ్ళు చిన్న చిన్న ఐటీ కన్సల్టెన్సీలు చాలానే నడుపుతున్నారు, పదిమందో ఇరవైమందో ఎంప్లాయీస్, వాళ్ళకో 401కె (జీతంలోంచి కట్ చేసి రిటైర్మెంట్‌కి దాచే ప్లాన్), పేపర్ల మీద ట్రస్టీ అన్నచోట ఓనరో ఆయన భార్యో సంతకం పెట్టేసి ఇంక ఆ సంగతే మర్చిపోతారు. ఎల్ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) ఉంది కదా, ఏదైనా అయితే కంపెనీ మీదకే పోతుందిలే అనుకుంటారు. పోదండీ. ఉద్యోగుల రిటైర్మెంట్ ప్లాన్లని కాపాడడానికి 1974లో వచ్చిన ఎరిసా చట్టం 409వ సెక్షన్ ప్రకారం ఫిడ్యూషియరీ, అంటే ప్లాన్ డబ్బుకి బాధ్యత ఉన్న మనిషి, చేసిన తప్పు వల్ల ప్లాన్‌కి నష్టమొస్తే ఆ మనిషే సొంత డబ్బుతో పూడ్చాలి.

ఫిడ్యూషియరీ ఎవరో హోదా బట్టి చెప్పలేం, చేసే పని బట్టి చెప్పాలి. ప్లాన్ డబ్బు ఎప్పుడు ఎటు వెళ్ళాలో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళే. చెప్పిన లెక్క ఎక్కించే పేరోల్ క్లర్క్ మామూలుగా ఇందులోకి రారు.

అన్నిటికన్నా ఎక్కువమంది దొరికిపోయేది జీతంలో కట్ చేసిన డబ్బు దగ్గర. నాకు తెలిసిన ఒకాయన కంపెనీలో క్లయింట్ ఇన్‌వాయిస్ లేటైంది, రెండు పేచెక్కుల 401కె డబ్బు కంపెనీ అకౌంట్‌లోనే ఉంచి చేబదులు లాగా అద్దెకి వాడేశారు. ఒక కుర్రాడు పేస్టబ్ తెరిచి చూస్తే 400 డాలర్లు కట్ అయినట్టు ఉంది, 401కె అకౌంట్‌లో మాత్రం ఏమీ పడలేదు. ఆయన దొంగ కాదు, వచ్చే నెల వేసేద్దాం అనుకున్నాడంతే, కానీ అది కుర్రాడి డబ్బు, చట్టానికి ఆ ఉద్దేశంతో పని లేదు. 100 మంది కంటే తక్కువ ఉన్న ప్లాన్ అయితే 7 వర్కింగ్ డేస్‌లో వేసెయ్యండి, టైమ్‌కి వేసినట్టే లెక్క. తర్వాతి నెల 15వ వర్కింగ్ డే దాకా టైముంది అని ఎవరో ఒకరు చెప్తారు, అది ఆఖరి హద్దు, అంతదాకా ఆగొచ్చని కాదు.

లేటైపోతే దాచకండి. అసలు, దాని మీద రావాల్సిన రాబడి రెండూ వేసేసి, లేబర్ డిపార్ట్‌మెంట్ వాలంటరీ ఫిడ్యూషియరీ కరెక్షన్ ప్రోగ్రామ్ కింద సరిచేసుకోండి, ప్లాన్ గురించి ఏటా ప్రభుత్వానికి ఇచ్చే ఫారం 5500లో నిజం రాయండి.

ఫండ్స్ ఒకసారి ఎంచేసి వదిలేస్తే కూడా కుదరదు, ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాల్సిన బాధ్యత ఉందని 2015లో టిబుల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాదికోసారైనా కూర్చుని ఫీజులు వేరేచోట ఎంతున్నాయో పోల్చి, ఎవరెవరు కూర్చున్నారు, ఎందుకు ఉంచారు, ఎందుకు మార్చారు అన్నది తేదీ వేసి ఒక పేజీ రాసుకోండి, రేపు ఎవరైనా అడిగితే మీ వైపు మాట్లాడేది ఆ కాగితమే.

ఇంకోటి, ఫిడెలిటీ బాండ్, ప్లాన్ డబ్బు ఎవరైనా కాజేస్తే ఆ నష్టం పూడ్చే ఇన్సూరెన్స్ లాంటిది. ఆ పేరున్న ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీకి దీనికి సంబంధం లేదు. మామూలుగా ప్లాన్ డబ్బులో 10 శాతానికి తీసుకోవాలి, కానీ ఎవరైనా డబ్బు కాజేస్తే అది కాపాడేది ప్లాన్‌ని, మిమ్మల్ని కాదు. మీకోసం కావాలంటే ఫిడ్యూషియరీ లయబిలిటీ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి.

పార్ట్‌నర్ తప్పు చేస్తున్నాడని తెలిసి ఊరుకున్నా మీకూ చుట్టుకుంటుంది, రాజీనామా చేసినంత మాత్రాన పాత తప్పు చెరిగిపోదు. అడ్డు చెప్పండి, అదీ ఈమెయిల్‌లో.

ఇవాళే కిందటి ఆరు నెలల పేరోల్ రిజిస్టర్, డిపాజిట్ కన్ఫర్మేషన్లు పక్కపక్కన పెట్టుకుని తేదీలు చూడండి, ఎక్కడైనా గ్యాప్ కనిపిస్తే రేపు పొద్దున్నే ఎరిసా లాయర్‌కి ఫోన్ చెయ్యండి.