మా కుక్క చర్మంపై పుండ్లు: కారణం తెలిసిన తీరు

మా కుక్క పొట్ట మీద, తొడల లోపలి వైపున ఎర్రని పొక్కులు లేచి, అవి పగిలి, అంచుల్లో పొట్టు రాలే గుండ్రని మచ్చలుగా మారినప్పుడు, అది తామరేమో, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుందేమో అన్న భయం నన్ను నిద్రపోనివ్వలేదు. కంటికి ఒకేలా కనిపించే ఈ పుండ్లకు బాక్టీరియా, శిలీంధ్రం, చర్మంలో దాగే సూక్ష్మ పురుగులు, అలర్జీ వంటి వేర్వేరు కారణాలు ఉంటాయి కనుక, ఏ మందూ పూయకుండానే పశువైద్యురాలికి చూపించాను.

ఆమె చర్మాన్ని బ్లేడుతో మెల్లగా గీకి, సూక్ష్మదర్శిని కింద పురుగుల కోసం వెతికారు, అవి కనిపించలేదు. పుండుకు గాజుపలకను అద్ది, రంగు వేసి చూడగా గుండ్రని బాక్టీరియా, వాటిని మింగిన తెల్ల రక్తకణాలు కనిపించాయి. స్టఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే ఈ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కుక్కల చర్మం మీద కూడా ఉంటుందనీ, సాధారణంగా మరో కారణంతో చర్మం దెబ్బతిన్నప్పుడు చెలరేగుతుందనీ, మనుషులకు సోకడం అరుదనీ వివరించారు. ఆ మాటతో నా మనసు ఎంతో కుదుటపడింది.

బాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందు కలిసిన షాంపూతో స్నానం చేయించి, నురుగును 10 నిమిషాల పాటు ఉంచి కడగమన్నారు. ఈ చికిత్సలో ఓపిక అవసరమైనది ఇక్కడే, ఎందుకంటే వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. కుక్క పుండ్లను నాకకుండా దాని మెడ చుట్టూ గరాటు ఆకారపు రక్షణ పట్టీ కట్టాము; మనుషులు వాడే జింక్ ఆక్సైడ్ లేపనాలను నాకితే కుక్కకు హాని కలుగుతుంది.

పుండ్లు మానినా గోకడం ఆగకపోవడంతో, వెంట్రుకల్లో ఉండి రక్తం పీల్చే పురుగుల (ఫ్లీల) నివారణ మందు క్రమంగా వేయడం మొదలుపెట్టాము. ఆ తర్వాతే దురద తగ్గింది.